చెరలో చెరువు

సందేహం: ‘కబ్జాదారుల చెరలో చెరువు’ అని పత్రికలో శీర్షిక చూశాను. చెర అంటే జైలేనా? చెరువుతో దానికేమైనా సంబంధం ఉందా, ప్రాస కోసం వేశారా? – వరంగల్ నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: ప్రాస కోసమే వేసి ఉంటారు. కానీ ఆ రాసినాయన తెలియకుండానే ఇద్దరు తోబుట్టువుల్ని పక్కపక్కన కూర్చోబెట్టాడని నా నమ్మకం.

పాత రాతలో ఇవి చెఱ, చెఱువు. బండి ఱను బడిలోంచి పంపేశాక ఈ పోలిక కంటికి ఆనడం మానేసింది. నాకది ఇప్పటికీ బాధే. తమిళంలో ‘శిఱై’ అంటే ఖైదు, నీటికి వేసిన అడ్డుకట్ట కూడా. మలయాళంలో ‘చిఱ’ అంటే కట్ట, చెరువు. కన్నడిగులు జైలును ‘సెరెమనె’ అంటారు. పోయేదాన్ని పోనివ్వకుండా ఆపడమే వీటన్నిటిలోని పని. మనిషిని ఆపితే చెర, వాన నీటిని ఆపితే చెరువు.

మీ జిల్లాలో పాత చెరువులకు కొదవలేదు. ఏదో ఒక కట్ట మీద నిలబడి చూడండి. వాగు తన దారిన తాను పోయేది. అడ్డంగా మట్టి పోసి నిలబెట్టారు. ఇక తూము ఎత్తితేనో, నిండి మత్తడి దూకితేనో దానికి బయటికి దారి. ‘నీళ్లు విడిచారు’ అంటాడు రైతు. ఖైదీని విడిచారు అన్నప్పుడూ మనది అదే మాట.

అయితే బండి ఱ ఉంది కదా అని ప్రతిదానికీ చుట్టరికం కలపకూడదు. చెఱకు, చెఱగు కూడా ఆ అక్షరంతోనివే. వాటికీ ‘చెర’కీ పొత్తు లేదు. కాబట్టి చెరువు సంగతి నా మొగ్గుగానే తీసుకోండి, తీర్పుగా వద్దు.

కారాగారం సంస్కృతం, ఖైదు అరబ్బీ, బందీఖానా పారసీ దారిన వచ్చింది. మీ శీర్షికలోని ‘చెర’కు పట్టు, ఆధీనం అని అర్థం, అలా వాడొచ్చు.

నా కోపమల్లా ‘చెరపట్టు’ గురించి. బందీగా పట్టుకోవడం దాని అసలు అర్థం. కన్నడంలో ‘సెరెహిడి’ అచ్చం ఇదే. రావణుడు సీతను చెరపట్టాడంటే ఎత్తుకుపోయి బంధించాడని. ఆడవాళ్లను బలవంతంగా తీసుకుపోవడమన్న ఛాయ ఎప్పట్నుంచో ఉంది, కాదనను. ఇప్పటి వార్తల్లో మాత్రం దాన్ని నేరుగా అత్యాచారానికి వాడేస్తున్నారు. ఆ అర్థం ‘చెరచు’ది – ‘చెడు’ నుంచి పుట్టిన వేరే క్రియ, ‘చెరపకురా చెడేవు’లో ఉన్నది. ఈ రెండింటినీ కలిపేస్తే సీతమ్మ గురించి ఏం రాసినట్టవుతుందో, రాసేవాళ్లు ఒక్క క్షణం ఆగి చూసుకోవాలి.