టెక్ సందేహాలు: వంజంగి ఫోటోలు ఎక్కడ పోయాయి?

కార్తీక మాసం వచ్చిందంటే విశాఖలో కెమెరా ఉన్న ప్రతి ఒక్కరికీ కొండలు గుర్తొస్తాయి. శనివారం అర్ధరాత్రి బయలుదేరతారు. పాడేరు మీదుగా వెళ్లి తెల్లవారక ముందే వంజంగి ఎక్కుతారు. సూర్యుడు మేఘాల మీదికి వచ్చే పది నిమిషాల్లో వందల ఫోటోలు తీస్తారు. ఆదివారం సాయంత్రం ఘాట్ దిగుతారు, సోమవారం నాకు ఉత్తరం రాస్తారు. సంక్రాంతి దాటేదాకా ఇదే వరస. రాసేవారు మారతారు గాని ఫిర్యాదు మారదు.

గాజువాక నుంచి ఒక పాఠకుడు ఇలా రాశారు: "వంజంగిలో తీసిన నాలుగు వందల ఫోటోలున్న కార్డును ల్యాప్‌టాప్‌లో పెడితే, వాడాలంటే ఫార్మాట్ చేయాలని వచ్చింది. సరే అని నొక్కాను. తరువాత, పోయిన ఫోటోలు తెప్పించే సాఫ్ట్‌వేర్ ఒకటి డబ్బు కట్టకుండా క్రాక్ చేసినది దొరికితే వేసుకున్నాను. ఇప్పుడు కంప్యూటర్‌లో ఉన్న ఫైళ్లన్నిటి పేర్ల చివరా ఏవో నాలుగు అక్షరాలు చేరాయి. ఒక్కటీ తెరుచుకోవడం లేదు. మా పాప అన్నప్రాసన ఫోటోలు కూడా అందులోనే ఉన్నాయి. కనీసం కార్డులోవైనా వస్తాయా?"

కార్డులోవి చాలావరకు వస్తాయి. ముందు ఆ మాట చెప్పేస్తున్నాను, ఎందుకంటే తరువాతి మాటలు అంత తీయగా ఉండవు.

మామూలు ఫార్మాట్ అంటే పుస్తకంలో విషయసూచిక చింపేయడం లాంటిది. పేజీలు పేజీలుగానే ఉంటాయి, వాటి మీద కొత్త రాత పడేదాకా. కాబట్టి ఆ కార్డుతో ఇక ఒక్క ఫోటో కూడా తీయకండి. కార్డు పక్కనున్న చిన్న మీటను లాక్ వైపు జరిపి పక్కన పెట్టండి. ఫోటోరెక్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. క్రాక్ అవసరమే లేదు, అసలే ఉచితం. అది విషయసూచికను పట్టించుకోదు. ఫోటో ఫైలు ఏ గుర్తుతో మొదలవుతుందో దానికి తెలుసు, ఆ గుర్తులు వెతుక్కుంటూ కార్డంతా చదువుతుంది. పాత పేర్లు పోతాయి, బొమ్మలు వస్తాయి. వచ్చినవాటిని అదే కార్డులో కాకుండా వేరే డిస్కులో దాచాలి. ఇదంతా ఇంకొకరి శుభ్రమైన కంప్యూటర్‌లో చేయాలి, మీ ల్యాప్‌టాప్‌లో మాత్రం వద్దు.

అసలు ఆ ఫార్మాట్ సందేశం రాసినవారి మీద నాకు చాలా ఏళ్లుగా కోపం. తలుపు తాళం తెరుచుకోవడం లేదంటే, ఇల్లు కూల్చేయమంటారా అని అడిగినట్టుంది. కార్డు చదవలేకపోవడానికి సవాలక్ష కారణాలు. అన్నిటికంటే మామూలు కారణం పాత కార్డ్ రీడర్. 32 జీబీ వరకు ఒక తరం కార్డులు, ఆపైన మరో తరం. కొత్త తరంలో ఫైళ్లు అమర్చే పద్ధతి కూడా వేరు, దాన్ని ఎక్స్‌ఫ్యాట్ అంటారు. పదేళ్ల క్రితం కొన్న రీడర్‌కు అది అర్థం కాకపోవచ్చు. కార్డుకు ఏ జబ్బూ ఉండదు, చదివేవాడికే అక్షరం రాదు. కార్డును తిరిగి కెమెరాలో పెట్టి చూస్తే అర నిమిషంలో తేలిపోయే విషయమిది. "లోపల మీ ఫైళ్లు ఉండవచ్చు, జాగ్రత్త" అని ఒక్క వాక్యం తెర మీద పెట్టడానికి ఇన్నేళ్లలో ఎవరికీ చేయి రాలేదు.

ఇక ఆ క్రాక్ సంగతి. నన్ను నిద్రపోనివ్వనిది ఇదే. అలాంటి పేజీ ఎలా ఉంటుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. పెద్ద ఆకుపచ్చ బటన్, నొక్కితే జిప్ ఫైలు. దానికొక పాస్‌వర్డ్, ఆ పాస్‌వర్డ్ పక్కనే టెక్స్ట్ ఫైలులో రాసి పెట్టి ఉంటుంది. అందరికీ తెలిసేలా రాసిపెట్టిన తాళం ఎందుకని ఒక్కరైనా ఆలోచించారా? మీకోసం కాదది. పాస్‌వర్డ్ ఉన్న జిప్‌లోకి తొంగి చూడలేక యాంటీవైరస్ దాన్ని వదిలేస్తుంది. అదే టెక్స్ట్ ఫైలులో రెండో సూచన, యాంటీవైరస్ ఆపేయమని. దొంగ గేటు దగ్గర నిలబడి "కుక్కను కట్టేయండి బాబూ" అంటే, మనం వెళ్లి కట్టేసి, గేటు కూడా తీస్తున్నాం.

మీరు చెప్పిన లక్షణాలు స్టాప్ లేదా డీజేవీయూ అనే కుటుంబానికి చెందిన రాన్సమ్‌వేర్‌ను, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్‌ను, తలపిస్తున్నాయి. 2018 నుంచి ఇది ఎక్కువగా ఇలాంటి క్రాక్‌ల వెంటే ఇళ్లలోకి వస్తోంది. ప్రతి ఫోల్డర్‌లోనూ డబ్బు అడిగే ఒక చిన్న ఉత్తరం కూడా పెట్టి ఉంటుంది, చూడండి. డబ్బు కట్టకండి. తాళం పడిన ఫైళ్లను ఖాళీ డిస్కులోకి తీసి దాచుకోండి. ఈ కుటుంబం ఫైలు మొత్తానికి కాక మొదటి 150 కేబీకి మాత్రమే తాళం వేస్తుంది, అందువల్ల పెద్ద వీడియోలు కొంతవరకు బాగుపడే అవకాశం ఉంది. ఆ సమయంలో మీ ల్యాప్‌టాప్‌కు నెట్ లేకపోయి ఉంటే ఇంకా ఆశ. అప్పుడు అది తనలోనే మోసుకొచ్చిన ఉమ్మడి తాళంచెవి వాడుతుంది, అలాంటి తాళంచెవులు కొన్ని బయటపడ్డాయి. నెదర్లాండ్స్ పోలీసులు, యూరోపోల్ తదితరులు 2016లో మొదలుపెట్టిన నో మోర్ రాన్సమ్ వెబ్‌సైట్‌లో ప్రయత్నించండి. అక్కడ రుసుము లేదు.

అయితే ఫైళ్లకు తాళం వేసినవాడు కనబడే దొంగ. వాడి వెనక తరచుగా ఇంకొకడు వస్తాడు, చప్పుడు చేయడు. బ్రౌజర్‌లో మీరు దాచుకున్న పాస్‌వర్డ్‌లను మూటగట్టుకుంటాడు. మీరు లాగిన్ అయి ఉన్న ఖాతాల కుకీలను, అంటే మీరు లోపలే ఉన్నారని బ్రౌజర్ దాచుకునే గుర్తులను, కూడా పట్టుకుపోతాడు. ఆ కుకీ చేతిలో ఉంటే మీ ఈమెయిల్‌లోకి వెళ్లడానికి పాస్‌వర్డూ అక్కర్లేదు, ఓటీపీ కూడా అక్కర్లేదు. మీరు ఉత్తరమంతా ఫోటోల గురించే రాశారు, బ్యాంకు ఖాతా మాట ఒక్కటీ లేదు. ఇది చదివిన వెంటనే వేరే పరికరం నుంచి ఈమెయిల్‌తో మొదలుపెట్టి పాస్‌వర్డ్‌లన్నీ మార్చండి. చాలా ఖాతాల్లో అన్ని పరికరాల నుంచి లాగౌట్ అయ్యే సదుపాయం ఉంటుంది, వాడండి. బ్యాంకుకు చెప్పండి. డబ్బు కదిలినట్టు అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ల్యాప్‌టాప్‌ను పూర్తిగా తుడిచి, విండోస్ మళ్లీ వేయించాల్సిందే. కొండ మీద మీకు ఏమీ పోలేదండీ. పోయిందంతా సోమవారం, మీ ఇంటి సోఫాలో.

సీతమ్మధార నుంచి ఒకామె అడిగారు: "అనంతగిరి దాటాక సిగ్నల్ పోయి మ్యాప్ తెల్లకాగితమైంది. టవర్ లేకపోతే జీపీఎస్ పనిచేయదా?"

పనిచేస్తుంది. ఉపగ్రహాలు 20 వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి మాట్లాడుతుంటాయి, మీ ఫోను వింటుంది, అంతే. మీకు లేనిది స్థానం కాదు, దాని కింద ఉండాల్సిన బొమ్మ. అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతాల మ్యాపును ఇంట్లో వైఫై ఉన్నప్పుడే దించుకోండి. టవర్ లేనిచోట మొదటిసారి స్థానం దొరకడానికి ఫోనుకు కాస్త ఎక్కువ సమయం పడుతుంది, ఆకాశం కనిపించే చోట నిలబడి ఓపిక పట్టండి. లేని టవర్ కోసం వెతికి వెతికి ఫోను బ్యాటరీని ఖాళీ చేసుకుంటుంది కాబట్టి ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. చాలా ఫోన్లలో జీపీఎస్ అప్పుడు కూడా నడుస్తుంది. ఇంకొకటి, మ్యాప్ చూపించే దగ్గరి దారిని ఏజెన్సీలో నమ్మకండి. దానికి కాలిబాటా ఒకటే, తారురోడ్డూ ఒకటే. బస్సు ఏ దారిన వెళుతుందని దుకాణంలో అడగండి.

లంబసింగి నుంచి వచ్చాక లెన్సు లోపల తెల్లటి దారాల్లాంటివి కనిపిస్తున్నాయని భీమిలి పాఠకుడి ఫిర్యాదు. అది లంబసింగి చేసిన పని కాదు, భీమిలి చేసిన పని. ఆ దారాలు బూజు. చల్లటి లెన్సును సముద్రపు గాలిలో తెరిస్తే చెమ్మ పట్టడం ఖాయం, ఆ చెమ్మతోనే బ్యాగులో పెట్టి బీరువాలో దాస్తే బూజు మొలకెత్తుతుంది. కొండ దిగేముందే కెమెరాను గట్టిగా మూతిగట్టిన ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఇంటికొచ్చి అది గది వేడికి వచ్చాక తెరవండి. తేమ నలభై, యాభై శాతం మధ్య ఉంచే డ్రై బాక్సు కొనండి. మన ఊళ్లో అది విలాసం కాదు. ఇప్పటికే పట్టిన బూజును మాత్రం ఇంట్లో గెలకకండి, మెకానిక్‌కు ఇవ్వండి.

కొండల ఫోటోలకు ఏ ఫోను కొనాలని మధురవాడ నుంచి ఒక విద్యార్థి అడిగాడు. పేర్లు చెప్పను. చెప్పినా వచ్చే నెల అప్‌డేట్‌తో అది వేరే ఫోను అయిపోతుంది. నా ఫోనుకు అదే జరిగింది. వంజంగి ప్రయాణానికి ముందు రాత్రి, నన్ను అడగకుండా, కెమెరా "మెరుగుపడింది". తెల్లవారుజామున లోయ నిండా పాలు పోసినట్టు మేఘం. మీట నొక్కాను. తెర మీద ఒక్క క్షణం అదే మేఘం కనిపించింది. ఆ తరువాత ఫోను తన తెలివి చూపించింది. పొగమంచు పలచబడింది, అవతలి కొండ అంచు పెన్సిల్‌తో గీసినట్టు తేలింది, బూడిదరంగు ఆకాశం నీలమైంది. మంచు కోసం నూట పది కిలోమీటర్లు వెళ్లినవాడికి మంచు తుడిచి ఇచ్చే యంత్రమిది. పొగమంచు దాని లెక్కలో మరక.

కాబట్టి బాబూ, దుకాణంలో మెగాపిక్సెళ్లు అడగకు. ఈ మెరుగులన్నీ ఆపే మీట ఎక్కడుందో చూపించమను, ఏ మెరుగూ దిద్దని అసలు ఫోటోను, అంటే "రా" (RAW) ఫైలును, దాస్తుందేమో అడుగు. చూపించలేకపోతే పక్క ఫోను చూడు.

ఆ రోజు టీ తెచ్చిన కుర్రవాడు నా భుజం మీదుగా తెరలోకి చూశాడు, లోయలోకి చూశాడు, మళ్లీ తెరలోకి చూశాడు.

"ఇది నిన్న తీసిందా సార్?" అన్నాడు.