మొదటి గుడ్డు పెట్టకముందే 18 వేలు వడ్డీ

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా శింగనమల దగ్గర పల్లె. ఆయన ఆటో నడుపుతారు, నేను ప్రైవేటు బళ్లో టీచరును. ఇద్దరిదీ కలిపి నెలకు 26 వేలు వస్తుంది, 20 వేలు ఖర్చవుతుంది. చేతిలో 15 వేలుంది. నగలు కుదవబెట్టి, నూటికి 2 రూపాయల వడ్డీతో లక్షన్నర తెచ్చి, పెరట్లో గుడ్ల కోసం నూరు కడక్‌నాథ్ (నల్లకోడి) పిల్లలు పెంచాలనుకుంటున్నాం. గుడ్డు 25 రూపాయలకు తామే కొంటామని పిల్లలమ్మేవాళ్లు చెప్తున్నారు. మా ఊళ్లో నాటుగుడ్డు 10 రూపాయలకు పోతుంది. మొదలుపెట్టమంటారా?

జవాబు: వద్దమ్మా. నగలు ఇంట్లోనే ఉంచండి.

ఇలాంటి ఉత్తరాలన్నిటిలో ఒకటే పొరపాటు. వడ్డీ మొదటి నెల నుంచే కట్టాలి, కోడి మాత్రం ఆరో నెలకు గానీ గుడ్డు పెట్టదు. మీ అప్పుకు నెలకు 3 వేలు వడ్డీ. కడక్‌నాథ్ గుడ్డుకొచ్చేసరికి 18 వేలు కట్టేసి ఉంటారు. పైగా నూరు పిల్లలంటే నూరు పెట్టలు కావు. ఆడా మగా వేరు చేయకుండా ఇస్తారు, సగం పుంజులే. చావులు పోను 45 పెట్టలు మిగిలాయనుకుందాం. ఒక్కోటి ఏడాదికి వంద గుడ్లు పెట్టినా 4,500. ఏడాది వడ్డీ 36 వేలు. అంటే గుడ్డుకు 8 రూపాయలు వడ్డీకే పోతాయి. మేత ఖర్చు ఇంకా లెక్కలోకే రాలేదు. తామే కొంటామన్న మాటను నమ్మి 2019లో మహారాష్ట్రలో సాంగ్లీ వైపు ఎంతోమంది రైతులు కడక్‌నాథ్ కోళ్లతో నిండా మునిగారు. 25 రూపాయల మాట పక్కనబెట్టి, మీ ఊరి 10 రూపాయలతోనే లెక్క వేసుకోండి.

గుడ్ల కోసమే అయితే గ్రామప్రియ తీసుకోండి. హైదరాబాదు కోళ్ల పరిశోధన సంచాలనాలయం పెరటి పెంపకానికే తయారుచేసిన రకం ఇది. అయిదున్నర నెలలకు గుడ్డుకొస్తుంది. పెరట్లో ఏడాదికి 150 గుడ్లని తగ్గించే లెక్క వేసుకోండి. ఒళ్లు తేలిక కాబట్టి కుక్కొస్తే తప్పించుకుంటుంది. వనరాజా అనే ఇంకో పెరటి రకం బరువెక్కువ. మాంసానికి బాగుంటుంది గానీ గుడ్లు తక్కువ, మన ఎండకు ఆయాసపడుతుంది. ఫారం తెల్లకోడి 300 గుడ్లు పెడుతుంది నిజమే, కానీ రోజుకు 110 గ్రాముల దాణా కొని పెట్టాలి, పెరట్లో నిలవదు.

45 పిల్లలు తెస్తే 20 పెట్టలు తేలతాయి. పుంజుల్ని నాలుగో నెలలో మాంసానికి అమ్మేస్తే అప్పటిదాకా అయిన మేత ఖర్చు కొంత చేతికొస్తుంది. 20 పెట్టలకు ఏడాదికి 3,000 గుడ్లు, 30 వేలు. తిరిగి మేసేవాటికి పైన తలా 50 గ్రాములు జొన్న, కొర్ర, వేరుశనగ చెక్క కలిపి వేస్తే చాలు. నెలకు 30 కిలోలు అవుతుంది. అన్నీ పోను నెలకు 1,200 నుంచి 1,500 మిగలొచ్చు. చెక్క విషయంలో జాగ్రత్త. మన జిల్లాలో చవగ్గా దొరుకుతుందని బూజు పట్టింది వేస్తే కాలేయం చెడి కోళ్లు చస్తాయి. గుడ్డుకొచ్చాక ఆలిచిప్పల పొడి విడిగా ఒక చిప్పలో పెట్టండి, లేకపోతే పెంకు పలచబడి పగుళ్లొస్తాయి.

పెరటి కోళ్ల మందల్ని తుడిచిపెట్టేది కొక్కెర తెగులు. దానికి టీకాలు: 7వ రోజు, 28వ రోజు లసోటా కంటిచుక్క, 8 నుంచి 10 వారాల మధ్య ఆర్‌2బి సూది. టీకా సీసా నూరు కోళ్లకు పైనే వస్తుంది, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. అందుకని ఇరుగుపొరుగు వాళ్ల కోళ్లకూ అదే రోజు వేయించండి. తెచ్చేటప్పుడు ఐసులో తేకపోతే వేసినా వేయనట్టే. గ్రామప్రియ పొదగదు. దాని గుడ్లను నాటుపెట్ట కింద పెట్టి పిల్లల్ని తీసినా తల్లిలా గుడ్లివ్వవు. ఏడాదిన్నరకోసారి కొత్త పిల్లల్ని కొనుక్కోవాల్సిందే, దానికీ డబ్బు దాచుకోవాలి.

ఇప్పుడు అసలు విషయం. మీ ఇంటి ఖర్చు 20 వేలు, దగ్గరున్నది 15 వేలు. ఒక్క నెలకు కూడా చాలదు! ఆటో ఇంజన్ పనికొచ్చి వారం నిలబడితే, ఆ డబ్బు ఎక్కణ్నుంచి తెస్తారు? గుడ్డుకు రెండు వారాల ముందున్న పెట్టల్ని మాంసం ధరకు అమ్ముతారు. రోగం రాకున్నా పెరటి మందలు అలా పోతుంటాయి. కాబట్టి ముందు మూడు నెలల ఖర్చు, 60 వేలు, అత్యవసర నిధిగా బ్యాంకులో పెట్టండి. నెలనెలా మిగిలే 6 వేలూ అందులోనే వేస్తే మిగతా 45 వేలు ఎనిమిది నెలల్లో జమవుతాయి. కోళ్ల ఖర్చు ఆ డబ్బులోంచి తీయకూడదు. దసరాకో దీపావళికో చీరలకని కూడా తీయకూడదు. ఆ తర్వాత రెండు మూడు నెలల మిగులుతో పిల్లలు, గూడు, గుడ్డుకొచ్చేదాకా దాణా కలిపి 15 వేలు మించకుండా మొదలుపెట్టండి. కోళ్లొచ్చేది ఏడాదికి కావచ్చు, ఫరవాలేదు.

ఆయన రోజంతా రోడ్డు మీద ఉండే మనిషి. ఏడాదికి 436 రూపాయల ప్రధానమంత్రి జీవన జ్యోతి (జీవిత బీమా), 20 రూపాయల సురక్షా బీమా (ప్రమాద బీమా) ఈ వారమే కట్టించండి. అప్పు తప్పనిసరైతే డ్వాక్రా సంఘం ద్వారానే, అదీ నిధి నిండాకే. పిల్లలెక్కడ దొరుకుతాయో రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. నాలుగైదు వారాలు పెంచిన పిల్లలైతే కాస్త ధరెక్కువైనా వాటినే తీసుకోండి. ఒక్కరోజు వయసు పిల్లలైతే, రాత్రి కరెంటు పోయి బల్బు ఆరిపోతే చలికి గుంపుగా ఒకదాని మీద ఒకటి ఎక్కి చస్తాయి.