లైనక్స్ సందేహాలు: సిస్టమ్ పైథాన్‌ని దాని మానాన వదిలేయండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే బాధ. పైథాన్, జావా, నోడ్ లాంటి ప్రోగ్రామింగ్ సాధనాల కొత్త వెర్షన్ వేసుకోబోతే అప్పటిదాకా బాగా నడుస్తున్నవి ఆగిపోయాయని. అందుకే మిగతా ప్రశ్నల్ని పక్కన పెట్టి ఈ నెల మొత్తం వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: నాది ఉబుంటు 22.04 అండీ. ప్రాజెక్టుకి పైథాన్ 3.12 కావాలంటే డెడ్‌స్నేక్స్ రిపాజిటరీ (ఉబుంటుకి వేరే పైథాన్ వెర్షన్లు ఇచ్చే ప్యాకేజీల నిల్వ) నుంచి వేసుకున్నాను. పైథాన్3 అని కొడితే ఇంకా 3.10 అనే చూపిస్తోందని అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్‌తో (ఒక పేరు ఏ వెర్షన్‌ని పిలవాలో మార్చే కమాండు) 3.12కి మార్చాను. అప్పటి నుంచి టెర్మినల్ ఐకాన్ నొక్కితే ఏమీ తెరుచుకోవడం లేదు. వీఎస్ కోడ్ టెర్మినల్‌లో ఆప్ట్ అప్‌డేట్ (ప్యాకేజీలు చూసుకునే ఆప్ట్ టూల్ కమాండు) ఇస్తే చివర్లో 'ఆప్ట్_పీకేజీ అనే మాడ్యూల్ లేదు' అంటోంది. పైథాన్ మొత్తం తీసేసి మళ్లీ వేయమంటున్నాడు మా ఫ్రెండ్. చాలా టెన్షన్‌గా ఉంది, ఫైనల్ ఇయర్ వర్క్ అంతా ఇందులోనే ఉంది. (బీటెక్ విద్యార్థి, కాకినాడ)

ముందు ఒక్క మాట, మీ ఫ్రెండ్ చెప్పింది మాత్రం దయచేసి చేయకండి. మీ ఫైళ్లకి ఏమీ కాలేదు, చెడింది ఒకే ఒక్క లింకు. దాన్ని రెండు నిమిషాల్లో సరిచేయొచ్చు.

జరిగింది ఇదీ. ఉబుంటు 22.04ని తయారుచేసినవాళ్లు పైథాన్ 3.10ని మీకోసం పెట్టలేదు, సిస్టమ్ కోసం పెట్టారు. మీరు నొక్కే గ్నోమ్ టెర్మినల్ ఉబుంటులో నిజానికి ఒక చిన్న పైథాన్ స్క్రిప్టుతో మొదలవుతుంది. ఫైర్‌వాల్ పనిచూసే యూఎఫ్‌డబ్ల్యూ, వాటంతటవే జరిగే సెక్యూరిటీ అప్‌డేట్లు, రిపాజిటరీలు జోడించే కమాండు, లేని కమాండు కొట్టినప్పుడు 'ఈ ప్యాకేజీ వేసుకోండి' అని చెప్పేది, ఇవన్నీ పైథాన్‌లో రాసినవే. ఇవన్నీ /యూఎస్ఆర్/బిన్/పైథాన్3 అనే పేరునే పిలుస్తాయి. వీటికి అవసరమైన ఆప్ట్_పీకేజీ లాంటి మాడ్యూళ్లు సీ, సీ++ భాషల్లో రాసి ప్రత్యేకంగా 3.10 కోసమే కంపైల్ చేసినవి. ఫైలు పేరులోనే 'సీపైథాన్-310' అని ఉంటుంది. ఇప్పుడు ఆ పేరు పిలిస్తే 3.12 పలుకుతోంది, అది 310 ఫైళ్ల వైపు చూడదు, అందుకని లేవంటోంది.

వీఎస్ కోడ్ టెర్మినల్ పనిచేస్తోంది కాబట్టి అక్కడి నుంచే కానివ్వండి (అదీ లేనివాళ్లు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే వచ్చే నల్ల తెర మీద లాగిన్ అవ్వచ్చు). 'సుడో అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ --రిమూవ్-ఆల్ పైథాన్3' ఇచ్చి మీరు పెట్టిన ఏర్పాటు తీసేయండి. దాంతో పైథాన్3 అనే లింకే పోతుంది, కంగారుపడకండి, వెంటనే 'సుడో ఎల్ఎన్ -ఎస్ఎఫ్ పైథాన్3.10 /యూఎస్ఆర్/బిన్/పైథాన్3' ఇస్తే మొదట్లో ఎలా ఉందో అలా వచ్చేస్తుంది. టెర్మినల్ తెరుచుకుంటుంది, ఆప్ట్ కూడా మామూలుగా నడుస్తుంది.

ఈ ఎర్రర్‌కి ఇంకో చిట్కా కూడా తిరుగుతోంది, ఆ 310 ఫైలుని 312 అని పేరు మార్చి కాపీ చేయమని. అది చేయొద్దు. పేరు మార్చినంత మాత్రాన లోపల ఉన్న కోడ్ 3.12కి సరిపోయేలా మారదు, ఇవాళ నడిచినట్టు కనిపించినా ఎప్పుడు ఎక్కడ కూలుతుందో చెప్పలేం. ఇక మీ ఫ్రెండ్ చెప్పినట్టు పైథాన్3ని తీసేయబోతే దాని మీద ఆధారపడ్డవన్నీ వెంట వెళ్తాయి. ఆప్ట్ ఆ జాబితా మొత్తం ముందే చూపిస్తుంది, అందులో ఉబుంటు-డెస్క్‌టాప్ పేరు కూడా ఉంటుంది, కానీ ఎవరూ చదవకుండా వై నొక్కేస్తారు. ఏ ప్యాకేజీ తీసేస్తున్నా సరే ఆ జాబితా చివరిదాకా చదివాకే నొక్కండి.

మరి మీకు కావాల్సిన 3.12 సంగతేమిటి? అది ఇప్పటికే మీ సిస్టమ్‌లో పక్కన ఉంది, పైథాన్3.12 అని పూర్తి పేరుతో పిలిస్తే చాలు. పైథాన్3.12-వెన్వ్ ప్యాకేజీ కూడా (వెన్వ్ అంటే ఒక్కో ప్రాజెక్టుకి విడిగా ఉండే పైథాన్ ఏర్పాటు) వేసుకుని, ప్రాజెక్టు ఫోల్డర్‌లో 'పైథాన్3.12 -ఎం వెన్వ్ .వెన్వ్' అని కొట్టి దాన్ని యాక్టివేట్ చేయండి. ఆ టెర్మినల్‌లో పైథాన్ అన్నా పైథాన్3 అన్నా 3.12 వస్తుంది, బయట సిస్టమ్ తన 3.10తో తాను హాయిగా ఉంటుంది.

ప్రశ్న: మా కాలేజీ ల్యాబ్‌లో కొత్తగా డెబియన్ 12 వేశారు. పిప్‌తో (పైథాన్ లైబ్రరీలు వేసే టూల్) ఏది ఇన్‌స్టాల్ చేయబోయినా 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్' అంటూ ఆపేస్తోంది. --బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్ అని జోడిస్తే పనవుతోంది. అలాగే వాడుకోవచ్చా? (ల్యాబ్ అసిస్టెంట్, వరంగల్)

వాడొద్దు. ఆ ఆప్షన్‌కి 'సిస్టమ్ ప్యాకేజీలు విరిగినా ఫర్వాలేదు' అని అర్థం వచ్చే పేరు కావాలనే పెట్టారు. పెప్ 668 అనే పైథాన్ నిర్ణయం ప్రకారం డెబియన్ 12లోనూ, ఉబుంటు 23.04 నుంచీ ఈ అడ్డు వచ్చింది. అంతకుముందు చాలా ఏళ్లు సుడో పిప్ ఇన్‌స్టాల్ అని నేర్పడం మనకి అలవాటైపోయింది, దానివల్ల జరిగే నష్టం కంటికి కనపడదు కాబట్టి. సుడో పిప్ వేసే లైబ్రరీలు /యూఎస్ఆర్/లోకల్ కిందకి వెళ్తాయి. పైథాన్ వెతికేటప్పుడు ఆప్ట్ వేసిన వాటికన్నా ముందు అక్కడే చూస్తుంది. మీరు ఒక ల్యాబ్ ఎక్స్‌పెరిమెంట్ కోసం రిక్వెస్ట్స్ లైబ్రరీ కొత్త వెర్షన్ వేస్తే, రూట్‌గా (పూర్తి అధికారాలతో) నడిచే సిస్టమ్ స్క్రిప్టులు కూడా ఆ రోజు నుంచి దాన్నే వాడటం మొదలుపెడతాయి, వాటిని దానితో ఎవరూ పరీక్షించలేదు. ఆర్నెల్ల తర్వాత ఏదో అప్‌డేట్ ఫెయిలైతే ఆనాటి పిప్ కమాండు ఎవరికీ గుర్తుండదు.

ల్యాబ్‌లో పిల్లలకి మొదటి క్లాసులోనే వెన్వ్ చేయడం నేర్పించండి, అందరూ వాడే లైబ్రరీలు (నంపై, మ్యాట్‌ప్లాట్‌లిబ్ లాంటివి) పైథాన్3-నంపై అనే తరహా పేర్లతో ఆప్ట్‌లోనే దొరుకుతాయి, అవి మీరే వేసి ఉంచండి. లైబ్రరీ కాకుండా కమాండులా వాడుకునే టూల్ అయితే పిప్‌ఎక్స్ ఉంది, ఒక్కోదానికీ ఒక వెన్వ్ అదే చేసిపెడుతుంది.

ప్రశ్న: ఉబుంటు 22.04 నుంచి 24.04కి అప్‌గ్రేడ్ అయ్యాక నా వెన్వ్‌లన్నీ చచ్చిపోయాయి. యాక్టివేట్ అవుతున్నాయి గానీ ఒక్క మాడ్యూల్ కూడా దొరకడం లేదు. ఏ వెర్షన్లు వేశానో రాసి పెట్టుకోలేదు. (ఫ్రీలాన్స్ డెవలపర్, హైదరాబాద్)

వెన్వ్‌లో పైథాన్ కాపీ ఉండదండీ, సిస్టమ్ పైథాన్3కి ఒక లింకు మాత్రమే ఉంటుంది. అప్‌గ్రేడ్‌తో ఆ పైథాన్3 కాస్తా 3.10 నుంచి 3.12 అయింది. మీ లైబ్రరీలు లిబ్/పైథాన్3.10 ఫోల్డర్‌లో ఉన్నాయి, కొత్త పైథాన్ లిబ్/పైథాన్3.12 కోసం చూస్తోంది. పాతదాన్ని బాగుచేసే ప్రయత్నం పెట్టుకోకండి, వెన్వ్ అనేది పారేసి మళ్లీ చేసుకోవడానికే.

అయితే పారేసేముందు జాబితా రాబట్టుకోవచ్చు. కొత్త వెన్వ్ ఒకటి చేసి, అందులోంచి 'పిప్ ఫ్రీజ్ --పాత్' అని పాత వెన్వ్‌లోని సైట్-ప్యాకేజెస్ ఫోల్డర్ దారి ఇవ్వండి. ఏది ఏ వెర్షనో మొత్తం చెప్పేస్తుంది. దాన్ని రిక్వైర్‌మెంట్స్ ఫైల్లోకి మళ్లించి, కొత్త వెన్వ్‌లో దాని నుంచే ఇన్‌స్టాల్ చేయండి. కొన్ని పాత లైబ్రరీలు మొరాయిస్తాయి, ఎందుకంటే 3.12లో డిస్ట్‌యూటిల్స్ (లైబ్రరీల్ని ఇన్‌స్టాల్ చేయడానికి వాడే పాత మాడ్యూల్) తీసేశారు. వాటి కొత్త వెర్షన్లు వేసుకోవాలి. క్లయింటు ప్రాజెక్టు కచ్చితంగా 3.10 మీదే ఉండాలంటే పైఎన్వ్ గానీ యూవీ గానీ (కావాల్సిన పైథాన్ వెర్షన్‌ని సిస్టమ్‌తో సంబంధం లేకుండా విడిగా పెట్టే టూల్స్) వాడండి, అప్పుడు సిస్టమ్ అప్‌గ్రేడ్‌కి మీ ప్రాజెక్టుకి సంబంధం ఉండదు. నేనైతే యూవీ వైపే మొగ్గుతాను. పైఎన్వ్ సోర్స్ నుంచి కంపైల్ చేస్తుంది, లిబ్‌ఎస్ఎస్ఎల్-డెవ్ లాంటివి ముందే వేసుకోకపోతే ఎస్ఎస్ఎల్ (సురక్షిత డౌన్‌లోడ్‌కి కావాల్సిన భాగం) తయారవక ఆ బిల్డ్ మధ్యలోనే ఫెయిలవుతుంది. యూవీ ముందే కంపైల్ చేసి ఉంచినదాన్ని తెచ్చి పెడుతుంది, ఈ గొడవ ఉండదు.

ప్రశ్న: జావా 17 వేయాలంటే జావా 8ని తీసేయాలా? ఆఫీసులో పాత ప్రోగ్రామ్ ఒకటి 8 మీదే నడుస్తుంది. (విజయవాడ)

అక్కర్లేదు, రెండూ పక్కపక్కనే ఉంటాయి. జావా విషయంలో అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ నిక్షేపంగా వాడుకోవచ్చు, డెబియన్, ఉబుంటుల్లో జావాకి ఆ ఏర్పాటు వాళ్లే చేసి పెట్టారు. మేవెన్ (జావా ప్రాజెక్టుల్ని బిల్డ్ చేసే టూల్) మాత్రం జావా_హోమ్ (జావా ఎక్కడుందో చెప్పే సెట్టింగు) చూస్తుంది కాబట్టి అదీ మార్చండి. 'అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్' అని ఎర్రర్ వస్తే అందులో ఉన్న నంబరు చూడండి: 52 అంటే జావా 8, 55 అంటే 11, 61 అంటే 17, 65 అంటే 21. ఏ జావాతో కంపైల్ చేశారో అదే చెబుతోంది.

ప్రశ్న: ఎన్‌వీఎంతో (నోడ్ వెర్షన్లు వేసి మార్చుకునే టూల్) నోడ్ 22 (జావాస్క్రిప్ట్ నడిపే ప్రోగ్రామ్) వేశాను, టెర్మినల్‌లో బాగా పనిచేస్తోంది. అదే స్క్రిప్టు క్రాన్‌లో (నిర్ణీత వేళకి పనులు వాటంతటవే నడిపేది) పెడితే 'నోడ్: నాట్ ఫౌండ్'. సుడోతో కొట్టినా అంతే. (బెంగళూరు)

ఎన్‌వీఎం మీ యూజర్ హోమ్ ఫోల్డర్‌లో ఉంటుంది, మీరు టెర్మినల్ తెరిచినప్పుడు బాష్ఆర్‌సీ ఫైలు దాన్ని పాత్‌లో (కమాండుల కోసం వెతికే ఫోల్డర్ల జాబితాలో) చేరుస్తుంది. క్రాన్ ఆ ఫైలుని చదవదు, సుడో మీ పాత్‌ని పట్టించుకోదు. క్రాన్ లైన్లో నోడ్ పూర్తి దారి రాయండి ('విచ్ నోడ్' అంటే చూపిస్తుంది). ఆ దారిలో వెర్షన్ నంబరు కూడా ఉంటుంది కాబట్టి నోడ్ మార్చినప్పుడల్లా ఈ లైను కూడా మార్చాలి, అందుకే సర్వర్ మీద ఎన్‌వీఎం నాకు నచ్చదు. అది డెవలపర్ లాప్‌టాప్‌కి చక్కటి టూల్. సర్వర్‌లో ఒకే వెర్షన్ చాలు అనుకుంటే అందరికీ కనపడేలా /యూఎస్ఆర్/లోకల్ కింద వేసుకోండి.

ప్రశ్న: మా సంస్థ సర్వర్ సెంట్ఓఎస్ 7. నోడ్ 18 వేస్తే 'జీలిబ్‌సీ_2.28 నాట్ ఫౌండ్' అంటోంది. జీలిబ్‌సీ కొత్తది డౌన్‌లోడ్ చేసి కంపైల్ చేసి పాతదాని స్థానంలో పెడితే సరిపోతుందా? (సిస్టమ్ అడ్మిన్, విశాఖపట్నం)

దయచేసి ఆ పని చేయకండి. ఎల్ఎస్, సీపీ, బాష్ దగ్గర్నుంచి ఎస్ఎస్‌హెచ్ దాకా ఆ మెషీన్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ జీలిబ్‌సీ మీదే నిలబడి ఉంటుంది. మార్చడంలో ఏ కాస్త తేడా వచ్చినా ఇంకే కమాండూ నడవదు, వెనక్కి మార్చడానికి కూడా కమాండు కావాలి కదా. రిమోట్ సర్వర్ అయితే లోపలికి వెళ్లే దారి కూడా మూసుకుపోతుంది.

సెంట్ఓఎస్ 7లో ఉన్నది జీలిబ్‌సీ 2.17. నోడ్ వాళ్లు ఇచ్చే అధికారిక బైనరీలకి 18 నుంచి 2.28 కావాలి. ఈ వారమే ఎలాగైనా నడవాలంటే, నోడ్ ప్రాజెక్టువాళ్లే అన్ఆఫీషియల్ బిల్డ్స్ అనే చోట 2.17 కోసం విడిగా కంపైల్ చేసినవి ఉంచారు, వాటితో గండం గట్టెక్కచ్చు. కానీ సెంట్ఓఎస్ 7కి అప్‌డేట్లు 2024 జూన్ 30తో ఆగిపోయాయి, నోడ్ 18కి కూడా 2025 ఏప్రిల్‌తో ముగిసింది. అంటే సెక్యూరిటీ అప్‌డేట్లు రాని సర్వర్ మీద సెక్యూరిటీ అప్‌డేట్లు రాని రన్‌టైమ్ వేయడానికి ఇంత కష్టపడుతున్నారు, అది నాకు నిజంగా బాధగా ఉంది. మీ పై అధికారులకి ఈ రెండు తేదీలు రాసి ఇచ్చి కొత్త మెషీన్ అడగండి. ఆల్మాలైనక్స్ 9 గానీ రాకీ లైనక్స్ 9 గానీ వేయండి, వాటిలో జీలిబ్‌సీ 2.34 ఉంటుంది, అప్‌డేట్లు 2032 దాకా వస్తాయి. దాని మీద నోడ్ 22 పెట్టి అప్లికేషన్‌ని అక్కడ పరీక్షించండి, ట్రాఫిక్ మళ్లించిన తర్వాత కూడా పాత సర్వర్‌ని కొన్నాళ్లు తీసేయకుండా ఉంచండి. అందులో క్రాన్ పనులేమేం ఉన్నాయో, ఏ యూజర్ కింద ఉన్నాయో ముందే ఒక కాగితం మీద రాసుకోండి, మారేటప్పుడు ఎక్కువగా తప్పిపోయేవి అవే.