నాన్న పాత కంప్యూటర్ మీద చేయి వేసే ముందు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నాన్న కంప్యూటర్ ఇకనుంచి నువ్వే చూసుకుంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. బాగా నెమ్మదించింది కాబట్టి అక్కర్లేని ప్రోగ్రాములన్నీ తీసేస్తానన్నావట. తీసేయి, తప్పులేదు. కానీ ముందు ఇప్పుడున్న స్థితిని ఉన్నది ఉన్నట్టుగా భద్రం చేయి. ఇప్పుడు మాఘమాసం ముహూర్తాలు. పెళ్లి పత్రికల పని చేతినిండా ఉన్నప్పుడు ఒక్క రిస్టోర్ పాయింట్ (తేడా వస్తే సెట్టింగులను వెనక్కి తెచ్చుకునే గుర్తు) పెట్టుకుని ఊరుకో. మిగతాదంతా ఆషాఢంలో తీరిగ్గా చేయవచ్చు.

నాన్న పత్రికలన్నీ పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే ప్రోగ్రాములో, అను ఫాంట్లతో కంపోజ్ చేసినవి. అవి ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్ అక్షరాలు కావు. ఆ ఫాంట్లు లేని చోట తెరిస్తే శ్రీరస్తు, శుభమస్తు ఉండాల్సిన చోట ఏవో పిచ్చి గుర్తులు వస్తాయి. అందుకే ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నంత మాత్రాన పని అయిపోదు. ఫాంట్లు, కీబోర్డు అమరిక, ప్రింటర్ సెట్టింగులు కూడా దక్కాలి. వీటిలో చాలా భాగం విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీ అనే చోట ఉంటుంది. విండోస్ నడుస్తుండగా ఆ ఫైళ్లను మామూలుగా కాపీ చేయనివ్వదు. కాబట్టి విండోస్ 7 ఇచ్చిన దారుల్లోనే వెళ్లాలి.

రిస్టోర్ పాయింట్ పెట్టడం ఐదు నిమిషాల పని. స్టార్ట్ మెనూలో కంప్యూటర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్లు. ఎడమ పక్కన సిస్టమ్ ప్రొటెక్షన్ ఉంటుంది. సి డ్రైవ్‌కు ఎదురుగా ‘ఆన్’ అని ఉందో లేదో చూసి, క్రియేట్ నొక్కు. పేరు అడిగితే ‘ప్రింటర్ మార్చకముందు’ వంటిది పెట్టు. వెనక్కి వెళ్లినప్పుడు సెట్టింగులు, ప్రోగ్రాములు పాత స్థితికి వస్తాయి, నీ పత్రికల ఫైళ్ల జోలికి రాదు. అయితే ఈ పాయింట్లు ఉండేది అదే హార్డ్‌డిస్కులో. చోటు చాలకపోతే పాతవి వాటంతటవే చెరిగిపోతాయి. డిస్కు పోతే అవీ దానితోపాటే పోతాయి.

రిజిస్ట్రీలో ఏదైనా మార్చాల్సి వస్తే ముందు ఆ భాగాన్ని ఎక్స్‌పోర్ట్ చేసుకో, అంటే విడి ఫైలుగా దాచుకో. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఆ ఫైలును మళ్లీ నొక్కితే పాత విలువలు తిరిగి వస్తాయి కానీ, మధ్యలో కొత్తగా చేరినవి అలాగే ఉండిపోతాయి. కాబట్టి దాన్నే పూర్తి రక్షణ అనుకోవద్దు.

అసలు రక్షణ సిస్టమ్ ఇమేజ్, అంటే విండోస్ ఉన్న డ్రైవ్ మొత్తానికీ తీసే నకలు. కంట్రోల్ ప్యానెల్‌లో బ్యాకప్ అండ్ రిస్టోర్ తెరిస్తే కనిపిస్తుంది. దానికి బయట తగిలించే హార్డ్‌డిస్కు కావాలి, పెన్‌డ్రైవ్‌ను ఒప్పుకోదు. డిస్కు ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉండాలి. అక్కడే రిపేర్ డిస్కు (విండోస్ తెరుచుకోనప్పుడు కంప్యూటర్‌ను ఆన్ చేసేది) కూడా ఒక సీడీ మీద రాసుకో. నాన్నది 32 బిట్ విండోస్, కాబట్టి 64 బిట్ ఉన్న వేరే కంప్యూటర్లో రాసిన సీడీ దీనికి పనికిరాదు. ఇమేజ్ ఉన్న ఫోల్డర్ పేరు మార్చకు, మార్చితే విండోస్ దాన్ని గుర్తుపట్టదు. ఇంకో మాట: ఇమేజ్‌ను తిరిగి ఎక్కిస్తే, అది తీసిన తర్వాత చేసిన పనంతా చెరిగిపోతుంది. పత్రికల ఫైళ్లను విడిగా కాపీ చేసుకోవాల్సిందే.

బయోస్ (విండోస్ కంటే ముందు కంప్యూటర్‌ను లేపే ప్రోగ్రాము) సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, నష్టపోయి నేర్చుకున్నాను. నా పాత కంప్యూటర్లో తేదీ రోజూ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ మార్చాను. రూపాయి బిళ్లంత ఉంటుంది. అది తీయగానే బయోస్ సెట్టింగులన్నీ మొదటికి వచ్చాయి. ఆన్ చేస్తే నీలం తెర, దాని మీద 0x0000007B అనే ఎర్రర్ కోడ్. డిస్కు పోయిందనుకుని మరమ్మతుకు ఇచ్చాను, వాళ్లు ఫార్మాట్ చేసేశారు. పదేళ్లుగా కూర్చుకున్న అమరిక ఒక్క పూటలో పోయింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. నిజానికి డిస్కుకు ఏమీ కాలేదు. బయోస్‌లో డిస్కుతో మాట్లాడే పద్ధతి, అంటే సాటా మోడ్, ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మారిందంతే. తిరిగి మార్చి ఉంటే నిమిషంలో తెరుచుకునేది. అందుకని ఇది మాత్రం ఆషాఢం దాకా ఆపకుండా ఈ రోజే బయోస్‌లోకి వెళ్లి, ఒక్కో పేజీని నీ ఫోనుతో ఫోటో తీసి పెట్టుకో.

ఇమేజ్ తీశాక రిపేర్ సీడీ పెట్టి కంప్యూటర్ ఆన్ చేసి చూడు. ఇమేజ్ తేదీతో సహా కనిపించిందంటే సరే, అక్కడితో క్యాన్సిల్ చేసి బయటికి వచ్చేయి. విండోస్ 7కు మామూలు అప్‌డేట్లు 2020 జనవరి 14తోనే ఆగిపోయాయి కాబట్టి ఇంటర్నెట్ తగిలించకు.

ఇమేజ్ ఉన్న బయటి హార్డ్‌డిస్కును పని అవగానే తీసేసి, అట్ట మీద తేదీ రాసి బీరువాలో పెట్టు. ఎక్కడైనా అనుమానం వస్తే ఓకే నొక్కకముందే తెరను ఫోటో తీసి నాకు పంపు. రాత్రి పదింటిదాకా మెలకువగానే ఉంటాను.

మీ పెదనాన్న