చిల్లగింజ పేజీ

"పాత అరుదైన పుస్తకాలన్నీ స్కాన్ అయి నెట్‌లోకి వచ్చేశాక లైబ్రేరియన్లకి ఇంకేం సరదా మిగిలింది?" అని మీ ప్రశ్న. నాకైతే సరదా మొదలైందే అప్పుడు.

నేను పనిచేసేది సామర్లకోటకి బస్సులో గంట దూరంలో ఉన్న ఒక శాఖా గ్రంథాలయంలో. మా బీరువాల్లో ఉన్నవి నవలలు, పోటీ పరీక్షల గైడ్లు, అట్టలూడిన వారపత్రికలు. అరుదైన పుస్తకం అన్నది ఒక్కటీ లేదు. నాకేమో చిన్నప్పటినుంచి చెట్ల కథల పిచ్చి. చింతచెట్టు మీద దయ్యాలు, రావికీ వేపకీ పెళ్ళి, జమ్మిచెట్టు మీద పాండవుల ఆయుధాలు. మూడో పెళ్ళి అచ్చిరాదని ముందు జిల్లేడు మొక్కకి తాళి కట్టి, దాన్నే మూడో భార్యగా లెక్కేసేవారని అమ్మమ్మ చెప్తే పగలబడి నవ్వేదాన్ని. దక్షిణాది కులాలు, తెగల గురించి థర్‌స్టన్ 1909లో వేసిన ఏడు సంపుటాల్లో సరిగ్గా అదే తంతు అచ్చులో కనబడ్డాక నవ్వు ఆగింది.

అసలు పిచ్చి ముదిరింది రాక్స్‌బరో దగ్గర. విలియం రాక్స్‌బరో స్కాట్లండ్ నుంచి వచ్చిన ఈస్టిండియా కంపెనీ డాక్టరు. 1793లో కలకత్తా వెళ్ళేదాకా సామర్లకోటలో తోట పెంచుతూ, చుట్టుపక్కల మొక్కలకి మన చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. అవే కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంగా 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాల్లో లండన్‌లో అచ్చయ్యాయి. రంగుల బొమ్మలు 300. గీసినవాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా లేవు, అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ పుస్తకం అసలు ప్రతిని నా జన్మలో ముట్టుకోలేను. కానీ బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ సైట్‌లో మధ్యాహ్నం జనం లేనప్పుడు పేజీలు తిప్పుతూ కూర్చుంటాను.

అందులో మొక్కల తెలుగు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి, అదీ ఆ దొర చెవికి వినబడినట్టు. కళ్ళతో చదివితే ఒక్కటీ బోధపడదు. గట్టిగా పైకి చదవాలి. అప్పుడు తణుకు, బిల్లుడు, సోమిద అనే చెట్ల పేర్లు ఒక్కొక్కటే బయటికొస్తాయి. సోమిద బెరడు జ్వరానికి సింకోనా (క్వినైన్ తీసే చెట్టు) బెరడు బదులు పనికొస్తుందని ఆయన రాశాడు. తర్వాత ఆ చెట్టు శాస్త్రీయ నామమే సోయ్‌మిడా అయింది. మన తెలుగు పేరు లాటిన్‌లోకి ఎక్కి కూర్చుందన్నమాట.

ఒకరోజు అలా పైకి చదువుతుంటే, రోజూ పేపరు కోసం వచ్చే తాతగారు లేచి వచ్చారు. తెర మీద చిల్లచెట్టు కొమ్మ, కాయలు. "ఏవమ్మా, ఇది ఇందుప గింజ కదూ! గోదారి ఎర్రనీళ్ళొచ్చే రోజుల్లో మా అమ్మ కడవ లోపల ఇది అరగదీసేది" అన్నారు. కింద రాక్స్‌బరో రాసిందీ అదే. గింజని మట్టికుండ లోపలివైపు ఒకటి రెండు నిమిషాలు రుద్ది వదిలేస్తే, మడ్డి అడుక్కి చేరి నీళ్ళు తేరుకుంటాయట. ఇక్కడివాళ్ళు తేటగా ఉన్న బావినీళ్ళు వదిలి చెరువు నీళ్ళో ఏటి నీళ్ళో తాగుతారని కూడా రాశాడు. ఆ మాట చెప్తే తాతగారు, "బావి ఉప్పగా ఉంటే ఏం చేస్తాం మరి!" అని రెండొందల ఏళ్ళ నాటి దొరకి జవాబిచ్చారు.

ఇలాంటివి మరికొన్ని దొరికాయి. అశోకవనంలో సీతమ్మ కూర్చున్నది అశోకచెట్టు కింద అనే మా పాఠకుల్లో చాలామంది నమ్మకం. రామాయణంలో ఉన్నది శింశుప. కథాసరిత్సాగరంలో బేతాళుడు వేలాడేదీ శింశుపకే! ఇది చెప్పాక ఒక పాప వారం రోజులు నాతో మాట్లాడలేదు.

కష్టాలూ ఉన్నాయి. ఒక పెద్ద డిజిటల్ భాండాగారంలో తెలుగు పుస్తకాల పేర్లన్నీ వంకర ఇంగ్లీషులో ఎక్కించారు. ఒక పేజీ మీద స్కాన్ చేసినాయన బొటనవేలు, దాని కింద నాకు కావలసిన పేరా. మీరు వెతకదలిస్తే తెలుగు పేరుతో మొదలుపెట్టకండి. ముందు బ్రౌన్ నిఘంటువులో చూడండి, చికాగో విశ్వవిద్యాలయం సైట్‌లో ఉంది. అక్కడ దొరికిన పాత లాటిన్ పేరుకి ఇప్పటి పేరేమిటో తెలుసుకుని, రెండింటితోనూ వెతకండి. ఎందుకంటే సోమిద రాక్స్‌బరో పుస్తకంలో స్వీటెనియా కింద ఉంటుంది.

మొన్న తాతగారు కాగితం పొట్లంలో నాలుగు గింజలు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. (మీరు ఎక్కడపడితే అక్కడ ఏరకండి. ముషిణి కూడా ఈ జాతిదే, అది విషం.) కతక చెట్టు (సంస్కృతంలో మన చిల్లచెట్టే) పేరు పలికినంతలో నీళ్ళు తేరుకోవని మనుస్మృతి 6వ అధ్యాయంలో ఒక శ్లోకం ఉంది. అది రాగం తీసి చదివి, "పేర్లు చదివింది చాలు, రుద్ది చూడు" అన్నారు. మా లైబ్రరీ కుళాయిలో వచ్చేవి ఫిల్టరు నీళ్ళు. గింజలు తేదీ ముద్ర పక్కన సొరుగులో ఉన్నాయి. వరద నీళ్ళొచ్చాక తానే బిందెడు తెస్తానన్నారు.