వంటసోడా, వెనిగర్ నమూనా నిజమైన అగ్నిపర్వతంలాగే పనిచేస్తుందా?

పనిచేయదు, బంకమట్టి కొండ అగ్నిపర్వతం రూపాన్ని చూపిస్తుంది కానీ, అది పేలే కారణాన్ని చూపించదు. ఆ నురగ వంటసోడా, వెనిగర్ కలిసినప్పుడు అప్పటికప్పుడు పుట్టే కార్బన్ డయాక్సైడ్ వల్ల వస్తుంది. అసలు అగ్నిపర్వతంలో నీటి ఆవిరి, ఇతర వాయువులు శిలాద్రవంలో ముందే కరిగి ఉంటాయి. అది పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి, వాయువులు బుడగలు కట్టి దాన్ని ఎగదోస్తాయి.

మూడో తరగతి పిల్లలకు ఇది చూపించడానికి గోలీసోడా చాలు (ఎర్రరంగు కొండ కూడా ఉండనివ్వండి, సంబరం దానిదే). గోలీ నొక్కగానే, అంతవరకు కనిపించని బుడగలు ఒక్కసారిగా సీసా మెడదాకా లేస్తాయి.

లావా భూకేంద్రం నుంచి వస్తుందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. 1991లో మళ్లీ రాజుకున్న అండమాన్‌లోని బారెన్ ద్వీపానికైనా శిలాద్రవం అందేది భూకేంద్రానికి చాలా పైన, మాంటిల్ (భూమి పైపెంకు కింద ఉండే మందమైన రాతిపొర) పైభాగం నుంచే.