బ్రిటిష్ ఇండియా కేంద్ర శాసనసభలో (1921–47) ఫలానా తేదీన సభ్యుడెవరో తేల్చుకోవడం ఎలా?

1934 ఎన్నికల జాబితాలో గంజాం–విశాఖపట్నం సీటు ఎదురుగా వి.వి. గిరి పేరుంది, 1938 చర్చల్లో మాత్రం ఆయన కనబడరు, ఏది తప్పు అని అడిగారు. రెండూ ఒప్పే. ఎన్నికల జాబితా గెలిచిన రోజు సంగతే చెబుతుంది. గిరి 1937లో బొబ్బిలి రాజావారిని ఓడించి మద్రాసు శాసనసభకు వెళ్లి, రాజాజీ మంత్రివర్గంలో చేరారు. కేంద్ర సభలో ఆయన సీటు అలా ఖాళీ అయింది.

ఈ సభ గడువు చట్టప్రకారం 3 ఏళ్లు. కానీ పొడిగించే అధికారం గవర్నర్ జనరల్‌ది. 1920, 1923, 1926, 1930, 1934 తర్వాత మళ్లీ ఎన్నికలు జరిగింది 1945లోనే. 11 ఏళ్లు సాగిన సభలో మరణాలు, రాజీనామాలు, ఉపఎన్నికలు ఎన్నో. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1938లోనూ, సత్యమూర్తి 1943లోనూ పోయారు. ‘1934 సభ్యులు’ అన్న జాబితా పట్టుకుని 1942 సంగతి రాస్తే తప్పులు ఖాయం.

అసలు తలనొప్పి నామినేటెడ్ సభ్యులతో. 1919 భారత ప్రభుత్వ చట్టం కింద 145 మందిలో 104 మంది ఎన్నికైనవాళ్లు, 41 మంది నామినేషన్ మీద వచ్చినవాళ్లు. ఈ 41లో 26 మంది ప్రభుత్వాధికారులు. వాళ్లకు నియోజకవర్గం ఉండదు, కుర్చీని బట్టి వస్తారు, పోతారు. ఆర్థిక సభ్యుడి (నేటి ఆర్థికమంత్రి లాంటి పదవి) స్థానమే చూడండి: బ్లాకెట్, షుస్టర్, గ్రిగ్, రైస్మన్ వరుసగా వచ్చారు. ప్రభుత్వ శాఖ కార్యదర్శి సెలవు మీద వెళ్తే బదులు పనిచేసేవాడిని నామినేట్ చేస్తారు. తిరిగొచ్చాక పాతాయన మళ్లీ ప్రమాణం చేస్తాడు. ఒకే సభలో ఒకే పేరు రెండుసార్లు ప్రమాణం చేసినట్టు కనబడితే అచ్చుతప్పు అనుకుని కొట్టేయకండి. నామినేటెడ్ అంటే అందరూ ఇలా మారేవాళ్లనీ కాదు. కార్మికుల తరఫున ఎన్.ఎం. జోషి 1921 నుంచి సుదీర్ఘకాలం అలాగే కొనసాగారు.

బేరార్ (నేటి మహారాష్ట్రలో భాగం) సీటు ఇంకో చిక్కు. బేరార్ చట్టరీత్యా నిజాం భూభాగం, బ్రిటిష్ ఇండియా కాదు. అందుకని అక్కడి ఓటర్లు ఎన్నుకున్న మనిషిని గవర్నర్ జనరల్ నామినేట్ చేసేవాడు. ఆయన్ని ఎన్నికైనవాళ్లలో వేశారో, నామినేటెడ్‌లో వేశారో చూడకుండా కూడితే మొత్తం ఒకటి తేడా వస్తుంది. హైదరాబాద్ సంస్థానానికి అసలు సీటే లేదు కాబట్టి తెలంగాణ నియోజకవర్గం కోసం వెతకడం వృథా.

ఇక తేల్చే పద్ధతి. ఈ సభ చర్చల నివేదికలైన లెజిస్లేటివ్ అసెంబ్లీ డిబేట్స్ సంపుటాలు పార్లమెంట్ డిజిటల్ లైబ్రరీలో ఉన్నాయి. మీకు కావలసిన తేదీకి ముందున్న సమావేశాలన్నిటిలో రోజువారీ నివేదిక మొదట్లో వచ్చే ‘ప్రమాణం చేసిన సభ్యులు’ అన్న చిన్న శీర్షిక చూడండి. పేరు పక్కన బ్రాకెట్లో నియోజకవర్గం ఉంటుంది. ఒక షీట్ తెరిచి సీటు, పేరు, ప్రమాణ తేదీ, సీటు ఎలా ఖాళీ అయింది అని నాలుగు నిలువు గడులు పెట్టుకోండి. ప్రతి అడ్డవరుసా సీటు పేరుతో మొదలవ్వాలి, మనిషి పేరుతో కాదు. మనుషుల పేర్లు మధ్యలో మారుతుంటాయి: ‘మిస్టర్’ షణ్ముఖం చెట్టి 1933లో ‘సర్’ అయ్యారు.

ప్రమాణ తేదీ ఎన్నికైన తేదీ కాదు. ఢిల్లీ సమావేశాలు శీతాకాలంలో మొదలై వేసవి ముదరక ముందే ముగిసేవి, తర్వాతివి సిమ్లాలో జరిగేవి. మే నెల ఉపఎన్నికలో గెలిచినాయన ప్రమాణం సాధారణంగా సిమ్లాలోనే. ఎన్నికైన తేదీకి, రాజీనామాకు గెజిట్ ఆఫ్ ఇండియా నోటిఫికేషన్ కావాలి. మరణమైతే సభలో చదివిన సంతాపం సరిపోతుంది. డివిజన్ జాబితాలో (ఓటింగులో ఎవరు ఎటు ఓటేశారో చెప్పే జాబితా) పేరుంటే ఆ రోజు సభ్యుడే. లేకపోతే ఏమీ రుజువు కాదు.

బహిష్కరణకు, రాజీనామాకు తేడా చూడాలి. 1926 మార్చిలో స్వరాజ్య పార్టీ వాకౌట్ చేసింది. సీట్లు పోలేదు. లాహోర్ కాంగ్రెస్ తర్వాత 1930లో మోతీలాల్ నెహ్రూ, ప్రకాశం పంతులు వంటివారు నిజంగానే రాజీనామా చేశారు. యుద్ధకాలంలో కాంగ్రెస్ వాళ్లు సభకు రాకపోయినా సభ్యులే. 1940 నవంబరులో వచ్చి ఫైనాన్స్ బిల్లును ఓడించారు కూడా.

1935 చట్టం చూసి 375 సీట్లు లెక్కేసేవాళ్లున్నారు. ఆ చట్టం ప్రతిపాదించిన ఫెడరల్ అసెంబ్లీ పుట్టనేలేదు. పాత సభే నడిచింది. 1937 ఏప్రిల్ 1న బర్మా విడిపోయి అక్కడి సీట్లు పోయాక మొత్తం 141కి దిగింది. కాబట్టి షీట్‌లో బర్మా వరుసలకు అదే ముగింపు తేదీ వేసేయండి, గెజిట్ వెతకనక్కర్లేదు.